బ్లాగెక్కాలని కుళాయి విప్పిన కోడలు

ఆ పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు స్నానానికి వెళ్లగానే వంటింటి కుళాయి మొదట్లో ఉన్న నట్టును పానాతో కాస్త వదులు చేయాలి. బొట్టు బొట్టుగా కారాలి, అంతే. ఎక్కువ కారితే ఇల్లు పాడు, తక్కువ కారితే ప్లంబరు రాడు.

బాగున్న కుళాయిని చెడగొట్టుకోవడం ఏమిటంటారా? అక్కడే ఉంది తిరకాసు. కోడలికి బ్లాగుల పిచ్చి. పత్రికలవాళ్లూ కంపెనీలవాళ్లూ రాయించేవి కాదు. ఎవరూ అడక్కపోయినా ఎవరి బతుకు వాళ్లు రాసుకునేవి. మాడిపోయిన కేకుల గురించే రాసే ఆవిడొకరు, తన పిల్లి అలకల గురించి రాసే లెక్కల మాస్టారొకరు. కళ్లు తెరవగానే అందరినీ ఓసారి పలకరించి వస్తే తప్ప ఆమెకు కాలు నిలవదు. వాళ్లందరిలోకీ ప్రాణం మాత్రం తమ పేటలోనే తిరిగే ప్లంబరు బ్లాగు, ‘కారుతున్న కబుర్లు’. ఏ ఇంటికి వెళ్లినా, పేరు చెప్పకుండా ఆ ఇంటి తీరంతా నాలుగు ముక్కల్లో గీసి పెడతాడు.

కిందటి వారం అందులోకి కింది వాటా టైలరమ్మ ఎక్కింది. ‘అద్దంలాంటి సింకు, అంతకన్నా చల్లని మాట’ అని రాశాడు. ఇక చూడాలి ఆవిడ వాలకం! మెట్ల మీద ఎదురైనప్పుడల్లా, “మీ గురించి ఇంకా రాయలేదా వదినా? పాపం, మీ కుళాయిలు మరీ గట్టివి కాబోలు!” అంటుంది. అసలు ఆ బ్లాగు ఒకటుందని ఆవిడకు చూపించిందే కోడలు. ఏకు మేకై కూర్చుంది. అప్పటినుంచి కోడలికి ముద్ద దిగడం లేదు.

పానా పెట్టి తిప్పింది. కదల్లేదు. పళ్లు బిగబట్టి మళ్లీ తిప్పింది. కుళాయి కుళాయంతా ఊడి చేతిలోకి వచ్చేసింది. గోడలోంచి నీళ్లు ఎగజిమ్మి ఎదురుగా వెలుగుతున్న స్టవ్వును ఆర్పేశాయి.

ఒక చేత్తో గుడ్డ అడ్డుపెట్టి, రెండో చేత్తో ప్లంబరుకు ఫోను చేసింది. “మీరే రావాలండీ! ఇంకెవర్నీ పంపొద్దు. పొద్దున లేస్తూనే మీ కబుర్లు లేందే నాకేమీ తోచదు.”

గడ్డం నిండా నురగతో మొగుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఎవడే వాడు?”

“మా రచయిత!”

“రచయితకి మనింట్లో ఏం పనే?”

“కుళాయి బిగిస్తాడు. ఈ గుడ్డ కాస్త గట్టిగా పట్టుకోండి, నేను బట్టలు మార్చుకోవాలి.”

“కుళాయి బిగించేవాడు వస్తుంటే బట్టలు మార్చుకోవడం దేనికే?” అని ఆయన ఒక అడుగు వేశాడు. జారాడు. పప్పుల డబ్బాలన్నీ ఆయనతోపాటే కిందికి వచ్చాయి.

ఇంతలో బాత్రూంలోంచి అత్తగారి కేక. “ఒళ్లంతా సబ్బు! నీళ్లెటు పోయాయే?”

“వంటింట్లోకి అత్తయ్యా!”

“అదేం పోకడే! వంటింటి తలుపు పైన వాల్వుంది, కట్టెయ్యి!”

“కట్టేస్తే కారదు అత్తయ్యా! కారకపోతే ఆయన వచ్చి ఏం రాస్తాడు?”

కిందినుంచి టైలరమ్మ పరుగెత్తుకొచ్చింది. “వదినా, మా మిషను మీద వాన! కుట్టి పెట్టిన జాకెట్లన్నీ తడిసిపోయాయి!” అంటూనే నోరు తెరిచేసింది. కోడలు కొత్త బట్టలు కట్టుకుని, మెడలో ముత్యాల దండ వేసుకుని, మడమలు మునిగే నీళ్లలో నిలబడి సింకు తోముతోంది. గోడ దగ్గర ఆమె మొగుడు నురగ గడ్డంతోనే, గుడ్డ అదిమిపట్టుకుని, పళ్లు నూరుతున్నాడు.

కోడలికి ఇదేమీ పట్టలేదు. సింకులో ఇంకా మొహం కనబడటం లేదని ఆమె బెంగ.

చివరికి అత్తగారే తువ్వాలు చుట్టుకుని, ఒంటి మీంచి సబ్బు కారుతుండగానే స్టూలెక్కి వాల్వు కట్టేసింది. అప్పుడే ప్లంబరు లోపలికి వచ్చాడు. మాటల పొదుపరి. కొత్త కుళాయి బిగించాడు.

“చూశారాండీ, సింకు?” అంది కోడలు, దండ సర్దుకుంటూ.

“చూశానమ్మా,” అని సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బ్లాగులో కొత్త కబురు పడిందని తెలిసినా కోడలు దాన్ని తను చదవనే లేదు. అంత ఆనందం ఒక్కతే అనుభవించడం ఎలాగ? అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. టైలరమ్మను పనిగట్టుకుని పైకి పిలిచింది. ఫోను మొగుడి చేతికిచ్చి, “గట్టిగా చదవండి,” అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “‘నిన్నొక ఇంట్లో, ఒంటి మీది సబ్బు ఆరకముందే స్టూలెక్కి వాల్వు కట్టేసిన పెద్దావిడను చూశాను. ఇంటికి అలాంటి మనిషొకరుంటే నాలాంటివాడికి పనే ఉండదు. ఆవిడ కొడుకు మాత్రం నన్ను ఎందుకో కొరకొరా చూశాడు. ముత్యాల దండ వేసుకున్న చుట్టాలావిడ కూడా ఒకరున్నారు. ఏదో పెళ్లికి బయల్దేరినట్టున్నారు, పాపం, చెయ్యి సాయం చేసే వీల్లేకపోయింది.’”

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు రెండోసారి మొదటినుంచీ చదివించుకుని, తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

“మరి ఆ చుట్టాలావిడ ఎప్పుడు వెళ్తుందో కనుక్కోవే.”