రెండంగుళాల ధీమా

ఇరవై రోజుల్లో కూతురు షైని పెళ్లి. ఆ సోమవారం పొద్దున మేడ్చల్‌లో ఎడ్వర్డ్ వేసుకున్న పథకం చిన్నదే. తెల్లవారగానే నడవాలి, రాత్రి భోజనం మానెయ్యాలి, నడుము రెండంగుళాలు తగ్గాలి. తగ్గకపోతే పరువు పోతుంది. ఎందుకంటే తగ్గి తీరతానన్న ధీమాతో పెళ్లి సూటును దర్జీ చేత ముందే రెండంగుళాలు బిగువుగా కుట్టించేశాడు మహానుభావుడు. ఆ సంగతి భార్య జాస్మిన్‌కు చెప్పే ధైర్యం లేదు.

రాత్రి ఆమె కంచం పెడితే ఉపవాసమన్నాడు. ఆమె అతని ముఖం కాసేపు చూసి, కంచం తీసేసి, ఎవరికో ఫోను చేస్తూ పెరట్లోకి వెళ్లింది. ఇంత సులువా అని అతను లోలోపల మురిసిపోయాడు.

మర్నాడు సాయంత్రానికి ఇంటినిండా చర్చివాళ్లు. స్త్రీల సమాజం పెద్ద ఎలీషమ్మ అతని నెత్తిన చెయ్యిపెట్టి, ఈ కుటుంబం భారం తీర్చు తండ్రీ అని గంటసేపు ప్రార్థించింది. ఏ భారమో ఎడ్వర్డ్‌కు అంతుబట్టలేదు. అడిగితే సూటు గుట్టు బయటపడుతుందని నోరు మూసుకున్నాడు. ఆపైన ఉపవాసం విడవాలంటూ ఆమె బగారన్నం, కోడికూర వడ్డించింది. ప్రార్థన చేసి పెట్టిన అన్నం వద్దనడం ఎలా? రోజుకో ఇంటివాళ్లు వచ్చారు, రోజుకో కూర వచ్చింది. వారం తిరిగేసరికి సూటు ప్యాంటు తొడల దగ్గరే ఆగిపోయింది.

రెండో ఆదివారం కొంపల్లి నుంచి కాబోయే వియ్యంకుడు దానియేలు వచ్చాడు. కళ్లు గుంటలు పడ్డాయి, చొక్కా వేలాడుతోంది.

"బావగారు, మా కొడుకు గిడియోన్ గురించి ఏం విన్నరో చెప్పుండ్రి. పిల్ల తండ్రి ఉపవాసముండి ప్రార్థన పెట్టించిండంటే, నాకు వారం సంది ముద్ద దిగుతలేదు."

"గిడియోన్‌కు ఏమైంది?" అన్నాడు ఎడ్వర్డ్ బిత్తరపోయి.

"గదే నేను అడుగుతున్న."

జాస్మిన్ ముందుకొచ్చింది. "మనసుల పెట్టుకొని కుమిలింది చాలు. పెండ్లి ఆపాల్నా, చెప్పు."

తలుపు వెనక షైని ఏడుస్తోంది. కూతురి ఏడుపు వినేసరికి ఎడ్వర్డ్ గుండె చెరువైంది. బీరువా తీసి సూటు తెచ్చి అందరి ముందూ పెట్టాడు.

"ఇది పడ్తలేదు. గంతే."

దానియేలు కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. జాస్మిన్ నవ్వలేదు. కోటు అందుకుని, చిక్కిపోయిన వియ్యంకుడి భుజాలకు ఆనించి చూసింది.

పెళ్లిరోజు ఆ సూటు కొలిచి కుట్టినట్టుందని అందరూ మెచ్చుకున్నారు. పాత చొక్కాలో కూతురిని నడిపించుకొచ్చిన ఎడ్వర్డ్ కూడా దానియేలుతో అదే మాట అన్నాడు.