మా అత్తగారూ, నా ముందడుగూ

నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. సోఫాలు అమ్ముకునే నేను, చూపు తగ్గినవాళ్ళకి తమ పనులు తామే చేసుకోవడం నేర్పే ఉద్యోగం కోసం శిక్షణలో చేరాను. చేరిన రోజు నుంచీ నా కాళ్ళు నేల మీద నిలవలేదు. దీపం వెలుగు ఎటునుంచి పడాలి, మెట్టు అంచుకి ఏ రంగు వేయాలి, ఏ రంగు కప్పులో టీ పోస్తే కనపడుతుంది! ఇంత విద్య లోకంలో ఉండగా ఇన్నాళ్ళూ సోఫాలు అమ్మానే అని ఒకటే బాధ.

మొదటి రోజు క్లాసులోనే మా మేడం బల్ల చరిచి చెప్పారు. "మన పనికి మూలసూత్రం ఒక్కటే. ముందడుగు! అది మరిచిపోతే మిగతా చదువంతా దండగ."

వెనక బెంచీలో నాకు ఒళ్ళు పులకరించింది. ముందడుగు! ఎవరికోసమూ ఆగకుండా దూసుకుపోవడమే. నా కోసమే పుట్టిన సూత్రం అనుకున్నాను.

చివరి పరీక్ష మా ఇంట్లోనే. చూపు తగ్గిన మనిషి ఒకరు, అంతకుముందు చేసుకోలేని పనిని మేడం ఎదుట సొంతంగా చేసి చూపించాలి. లేకపోతే నేను మళ్ళీ సోఫాల పాలు.

మనిషి కోసం ఊరంతా వెతకక్కర్లేదు. మా ఇంట్లో మా ఆవిడ కింది కోర్టు, మా అత్తగారు పైకోర్టు. ఆ పైకోర్టుకి చూపు మధ్యలో మసకబారింది, పక్కల బాగానే ఉంది. అలాంటివాళ్ళు తల కాస్త తిప్పి ఓరగా చూస్తారని క్లాసులో చెప్పినప్పుడు నేను ఎగిరి గంతేశాను. అత్తగారు నన్ను ఓరగా చూస్తే చులకన అనుకుని కుమిలిపోయానే!

ఇంటికి పరుగెత్తుకొచ్చి ఆ శుభవార్త అత్తగారికే చెప్పాను.

"చూపు తగ్గింది నిరుడు కదా నాయనా. నిన్ను మొదటి రోజు నుంచీ ఇలాగే చూస్తున్నాను," అన్నారు, ఓరగా చూస్తూ.

సరే. ఆవిడ స్టవ్ దగ్గరికి వెళ్ళడం మానేశారు కాబట్టి, సొంతంగా టీ పెట్టుకోవడమే ఆవిడ కోరిక అని తేల్చేశాను.

"ఎవరు తేల్చారు?" అంది మా ఆవిడ.

"నేనే. మా సూత్రం తెలుసా? ముందడుగు!"

"ఎవర్ని?"

"ఎవర్నేమిటే! ముందడుగు వేయాలి, వేయాలి!"

"వేయండి. గోడ ఉందేమో చూసుకుని వేయండి."

ఈ మనిషికి ఆవేశం అనేదే లేదని జాలిపడ్డాను.

పరీక్ష రోజు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా రంగంలోకి దిగాను. సోఫాలు జరపడం నాకు వెన్నతో పెట్టిన విద్య, కాబట్టి దారి విశాలం చేస్తానని హాలంతా తిరగేశాను. వంటింటి మెట్టు అంచుకి పసుపుపచ్చ రంగు కొట్టాను. స్టవ్ మీటలకి చేతికి తగిలే బొడిపెలు అంటించాను. దారి తెలియడానికి హాలు మధ్యలో నల్లటి తివాచీ పట్టా పరిచాను.

అత్తగారు లేచి గుమ్మంలోనే ఆగిపోయారు. "నాయనా, హాల్లో గొయ్యెందుకు తవ్వావు?"

"గొయ్యి కాదత్తయ్యా, పట్టా!"

"నాకు గొయ్యిలాగే ఉంది. ఇంతకీ నా కుర్చీ ఏది? గోడ పక్క నుంచి కళ్ళు మూసుకుని వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఇల్లు నాదో పక్కింటివాళ్ళదో తెలియడం లేదు."

ఆవిడకి ధైర్యం చెప్పాలని, చూపు మధ్యలో మసకగా కనిపించేలా చేసే క్లాసు కళ్ళజోడు పెట్టుకుని, "ఇదిగో, నేను నడిచి చూపిస్తా!" అని బయలుదేరాను. పట్టా అంచు కాలికి తగిలి, తవ్వని గోతిలో నేనే పడ్డాను. లేవబోయి సోఫాకి కొట్టుకున్నాను. అక్కణ్ణుంచి తూలి మెట్టు మీద ఆరని రంగులో రెండు పాదాలూ పెట్టాను. సరిగ్గా అప్పుడే వీధి తలుపు గంట మోగింది.

"కదలకు," అన్నారు అత్తగారు. గోడ తడుముకుంటూ నా దగ్గరికి వచ్చారు. "నా మోచెయ్యి పట్టుకుని ఒక్క అడుగు వెనకాలే రా. రోజూ నువ్వు గట్టిగా వల్లె వేసే పాఠమేగా!"

అలా పైకోర్టు నన్ను నడిపించుకుంటూ వెళ్ళి తలుపు తీసింది. మేడం మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "పరీక్ష ఎవరికి?" అన్నారు. తర్వాత హాలు చూశారు. "ఏం కావాలో అమ్మగారిని అడిగారా?"

"ముందడుగు వేశానండీ!"

"వేయడమేమిటి? ముందు... అడుగు! మనిషిని ముందు అడుగు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు అని కదా నేను చెప్పింది!"

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

కళ్ళజోడు తీసి అత్తగారి ముందు కూలబడ్డాను. "అత్తయ్యా, మీకేం చేసుకోవాలనుంది?"

"టీ మాత్రం కాదు. జన్మంతా కాచాను, ఇప్పుడు మీరు కాచి ఇస్తుంటే హాయిగా తాగుతున్నాను." బల్ల మీది ఫోను వైపు చెయ్యి చూపారు. "ఫోను. మా చెల్లెలికి ఫోను చేయాలంటే నంబరు నొక్కమని నిన్ను బతిమాలాలి. నొక్కి పక్కనే నిలబడతావు. నీ మీద చాడీలు నీ చేతే నొక్కించుకుని చెప్పుకోవాలా? ఎంత నామోషీ! మనసు విప్పి మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

నాకు నిజంగా సిగ్గేసింది. మరుక్షణమే హుషారొచ్చింది. మిగిలిన బొడిపెల్లో ఒకటి ఫోనులో అయిదు అంకె మీద, ఇంకోటి కాల్ మీట మీద, ఈసారి అడిగే అంటించాను. వేలితో అయిదుని పట్టుకుంటే చుట్టూ ఉన్న అంకెలన్నీ దారికొస్తాయి. చెల్లెలి నంబరు ఆవిడకి కంఠతా వచ్చు.

మొదటిసారి ఎవరో అపరిచితుడికి తగిలింది. ఆయన్నీ వదలకుండా నా గురించి రెండు ముక్కలు చెప్పి మరీ పెట్టేశారు. రెండోసారి అత్తగారి ముఖం వెలిగిపోయింది.

"చెల్లీ! నేనే! నేనే చేశాను! ఎవరూ నొక్కలేదే!"

నా కళ్ళు చెమర్చాయి. మేడం నాతో చెయ్యి కలిపారు. పాసయ్యాను!

అత్తగారు ఫోను పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తెర వేసుకున్నారు. నేను పిల్లిలా వెళ్ళి తెర పక్కన చెవి పెట్టాను.

"మా అల్లుడు వట్టి తొందర మనిషే చెల్లీ, గానీ..."

చెవి తెరకి ఇంకాస్త ఆనించాను. లోపల మాట ఆగిపోయింది.

"తెర కింద పసుపుపచ్చ పాదాలు భేషుగ్గా కనపడుతున్నాయి నాయనా. వినాలనుంటే ముందు అడుగు!"

ఆ 'గానీ' తర్వాత ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగాను కూడా. చెప్పనన్నారు.