మీసాలాయన గొంతు

ఆ జులై పదకొండున ఏం తిన్నదీ స్కేలుగారికి ఇప్పటికీ గుర్తే. ఉడికించిన గుడ్లు, ఒక పక్క మాడిన రొట్టె, ఇద్దరికీ కలిపి ఒక కమలాపండు. పెళ్ళయిన కొత్త. బల్ల కొందామని పాత సామాన్ల వేలానికి వెళ్ళి, బల్ల బదులు రికార్డు ప్లేయరు మోసుకొచ్చారు. దాని మూత మీదే కంచాలు పెట్టుకుని తిన్నారు.

తిన్నాక మూత తీస్తే లోపల ఒకే ఒక్క ఆల్బమ్ ఉంది. రెండు పెద్ద రికార్డులు, నాలుగు వైపులా పాటలు. సైకెడెలిక్ రాక్ అనే రకం సంగీతమట. అట్టమీద కళ్ళున్న గొడుగు, గొడుగు కింద అయిదుగురు మనుషులు. జుట్టు పక్కకు తీస్తే తప్ప ఎవరు ఎవరో తెలియదు. ఒక్కరికి మాత్రం మీసాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

సూది దించగానే బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు పలికింది. లోతుగా, నింపాదిగా, ఎక్కడికీ వెళ్ళే పని లేనట్టు.

"అబ్బ! గొంతంటే ఇదండీ," అంది భార్య. "ఆ మీసాలాయనదే అయ్యుంటుంది."

ఆ రోజునుంచి ఆ ఇంట్లో సాయంత్రాలు ముగ్గురు కాపురం చేశారు. భర్త మ్యాపుల ఆఫీసులో గీతలు గీసే ఉద్యోగి. గీత వంకర పోదు కనక స్కేలుగారన్న పేరు స్థిరపడింది. ఆ గొంతు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన అసూయతో లోలోపల కాస్త వంకర పోయాడు. రెండో ఏడు మీసం పెంచాడు. వారం చూసి భార్య, "మూతి అలా ఉందేం? జలుబు చేసిందా?" అంది. మర్నాడే గీసేశాడు.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. మొన్న ఎండాకాలం ఇల్లు సర్దుతూ రికార్డులు కిటికీలో పెట్టి మరిచిపోతే, అవి ఎండకు పడవల్లా వంగిపోయాయి. ఇంతలో దేవుడు కరుణించినట్టు, వచ్చిన రోజుల్లో ఎవరూ కొనని ఆ ఆల్బమ్‌ను ఇప్పుడు గొప్ప క్లాసిక్ అంటూ మళ్ళీ విడుదల చేశారు. ఈ జులై పదకొండున ఆయన అనుకున్నది చిన్న పనే. మెకానిక్ శుభ్రం చేసిన ప్లేయరు తెచ్చుకోవాలి, కొత్త ఆల్బమ్ కొనాలి, సాయంత్రం కూతురొచ్చేసరికి పాట పెట్టాలి.

పొద్దున్నే రెండూ ఇంటికొచ్చాయి. సూది దించాడు. ఎవరో అమ్మాయి గొంతెత్తింది. బస్సు తప్పిపోతుందన్నట్టు గుక్క తిప్పుకోకుండా పాడేస్తోంది.

స్కేలుగారు అట్ట చూశాడు. అదే గొడుగు. అవే మీసాలు. ఆల్బమ్ చంకన పెట్టుకుని దుకాణానికి నడిచాడు.

దుకాణదారుణ్ణి వీధంతా సోడాబుడ్డి అంటుంది, కళ్ళద్దాల మందం చూసి. అతను ఇంకో ఆల్బమ్ విప్పి వేశాడు. అమ్మాయే. మూడోది విప్పాడు. అమ్మాయే.

"ఇది మగగొంతు కదండీ!" అన్నాడు స్కేలుగారు.

పక్కనే రికార్డులు వెతుకుతున్న కుర్రాడు తలెత్తాడు. "అవునండోయ్. నాకూ మగగొంతనే గుర్తు."

"ఇది వచ్చినప్పటికి నువ్వు పుట్టావా?" అడిగాడు సోడాబుడ్డి.

"పుట్టలేదు. కానీ గుర్తు."

అంతే, నిప్పు అంటుకుంది. కుర్రాడు స్నేహితులకు ఫోన్లు చేశాడు. మధ్యాహ్నానికి దుకాణం ముందు ఆల్బమ్‌లు వెనక్కివ్వడానికి వరస కట్టారు. కంపెనీవాళ్ళు గాయకుణ్ణి మార్చేశారని ఒకరు, మీసాలాయన మేనకోడలి చేత పాడించారని ఇంకొకరు. ఇంతలో ఎవరో మహాతల్లి వచ్చి, మీసాలాయన పోయాడనుకుని గుమ్మంలో పూలు పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"స్కేలుగారూ, మీకు పుణ్యముంటుంది," సోడాబుడ్డి చేతులు జోడించాడు. "ముందు మీ చెవులు చూపించుకోండి."

చెవుల డాక్టరు రెండు చెవుల్లోకీ దీపం వేసి చూశాడు. "నాకంటే మీకే బాగా వినిపిస్తోందండీ. చెవి దాటి లోపలికెళ్ళాక ఏమవుతోందో, అది వేరే డాక్టరు చూడాలి."

ఆ ముక్క కూతురి దాకా వెళ్ళింది. ఆఫీసు మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"రికార్డులు ఎండలో పెట్టి మరిచిపోయావు. ఇప్పుడు పాటే మరిచిపోయావు. ఇక ఒంటరిగా వద్దు నాన్నా. మా ఇంటికి వచ్చెయ్."

ఇల్లు మారడం స్కేలుగారికి పెద్ద సంగతి కాదు. ముప్పై ఏళ్ళు విన్న గొంతే తప్పుగా గుర్తుంటే, అది విని ఆవిడ అన్న ఆ "అబ్బ!" సంగతేమిటి? అదీ తన కల్పనేనా? కుర్చీ పట్టుకున్నాడు. కూతురు అది చూసి అప్పుడే ఆయన బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

సాయంత్రం సోడాబుడ్డి మెకానిక్‌ను లాక్కొచ్చాడు. "దోషం ప్లేయరుదో రికార్డుదో ఇక్కడే తేలాలి. అక్కడ దుకాణం ముందు జనం నా బోర్డు పీకేస్తున్నారు."

మెకానిక్ తీరిగ్గా కూర్చుని, జేబులోంచి ఒక పిన్ను తీసి చెవి గోక్కున్నాడు.

మడతపెడుతున్న చొక్కా కూతురి చేతిలోంచి జారింది. "అది అమ్మ జడపిన్ను! నీకెక్కడిది?"

"ఇదామ్మా? ప్లేయరులో దొరికింది. వేగం మార్చే మీట కింద దిగ్గొట్టినట్టుంది. అంకెలు చెరిగిపోయాయి కదా, సార్‌కి తెలిసుండదు. మీట మొదట్నుంచీ నిమిషానికి పదహారు చుట్ల మీదే ఉన్నట్టుంది, పిన్నుతో అక్కడే బిగుసుకుపోయింది. పెద్ద రికార్డు ముప్పై మూడు మీద తిరగాలి. పిన్ను పీకి సరిచేశాను. డబ్బులడగలేదు."

"అంటే ఇన్నాళ్ళూ?" అన్నాడు స్కేలుగారు.

"సగం వేగంలో విన్నారు సార్."

మెకానిక్ కొత్త రికార్డు వేసి, మీట వెనక్కి తోశాడు. పాడుతున్న అమ్మాయి మెల్లగా మునిగిపోయింది. ఆమె మునిగినచోట మీసాలాయన తేలాడు. లోతుగా, నింపాదిగా.

సోడాబుడ్డి అట్టను ముక్కుకు ఆనించుకుని వెనకవైపు చిన్న అక్షరాలు చదివాడు. "పాడింది ఎడమచివర అమ్మాయండీ. మీసాలాయన డ్రమ్స్." తర్వాత లేచి కండువా సర్దుకుని, "సగం వేగంతో వినండి, మీసాలాయన లోపలే ఉన్నాడు అని బోర్డు రాస్తాను," అంటూ మెకానిక్‌తో సహా బయటపడ్డాడు.

కూతురు మెకానిక్ దగ్గర తీసుకున్న పిన్నును చేతిలో తిప్పింది.

"చిన్నప్పుడు ఒకసారి ఆ మీట మీద చెయ్యి వేశాను నాన్నా. అమ్మ నా చెయ్యి తీసేసింది. 'వద్దమ్మా. పాట తొందరగా అయిపోతే మీ నాన్న లేచి మ్యాపుల ముందు కూర్చుంటారు' అంది. నాకప్పుడు అర్థం కాలేదు."

స్కేలుగారు అటువైపు తిరిగి కళ్ళద్దాలు తుడిచాడు. అవి మురికిగా ఏమీ లేవు. తర్వాత పిన్ను తీసుకుని మీట కింద గుచ్చి, మొదటి వైపు మళ్ళీ పెట్టాడు. కూతురు సర్దిన పెట్టెలోంచి ఒక్కొక్క చొక్కా తీసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. మూడో వైపు సగంలో, పసితనంలోలాగే, కుర్చీలో నిద్రపోయింది.

ఆయన దుప్పటి కప్పి, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా వీధి తలుపు వేశాడు. పాడేది ఆడపిల్లేనని తెలిశాక కూడా, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, గడియ పెడుతూ ఆ గొంతు వైపు ఒకసారి అనుమానంగానే చూశాడు.