ఊదారంగు వచ్చింది సార్!

ఆ రోజు ఉదయం కెమిస్ట్రీ లెక్చరర్ పథకం చాలా చిన్నది. పరీక్షలో పిల్లలు కనిపెట్టాల్సిన పదార్థంగా యూరియా ఇవ్వాలి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌గారికి మంచి టీ ఇవ్వాలి. ఆయన రాసే రిపోర్టుతో ఉద్యోగం పర్మనెంట్ చేయించుకోవాలి.

"ఈసారి కూడా కాకపోతే మా అన్నయ్య ముందు తలెత్తుకోలేనండీ," అని భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

"సాయంత్రానికి పర్మనెంటే అనుకో," అన్నాడు.

పోయినేడు పిల్లలు సీసాల మీది లేబుళ్ళు చూసి జవాబులు రాసేశారని అతనికి బాగా అక్షింతలు పడ్డాయి. అందుకని ఈసారి పొద్దున్నే వచ్చి, బీరువాలోని సీసాలన్నిటికీ లేబుళ్ళు తడిపి గీకేశాడు. అన్నిటికీ అంటే అన్నిటికీ. ఆ ల్యాబ్‌లో టీ బీకరులోనే కాస్తారు, చక్కెర కూడా అదే బీరువాలో, ఖాళీ రసాయనాల సీసాలోనే ఉంటుంది. ఎడమది యూరియా, కుడిది చక్కెర అని గట్టిగా గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత ఎగ్జామినర్‌గారికి దుమ్ము కనబడకూడదని సీసాలన్నీ దించి, బీరువా తుడిచి, ఏది ఎటుండేదో చూసుకోకుండా మళ్ళీ సర్దాడు. రుచి చూస్తే క్షణంలో తేలిపోయేది. కానీ 'ఇక్కడ ఏ పదార్థమూ నోట పెట్టరాదు' అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది తనే. ఆ బోర్డు కిందే టీ మరుగుతోంది.

పరీక్ష మొదలైంది. ఏటా ఇచ్చేది యూరియాయేనని సీనియర్ల దయవల్ల అందరికీ తెలుసు. దానికి పరీక్షనాళికలో ఊదారంగు రావాలనీ తెలుసు. చక్కెరకు ఆ రంగు జన్మలో రాదు. అయినా వచ్చింది.

"ఊదారంగు వచ్చింది సార్!"

"నాక్కూడా వచ్చింది సార్!"

"భేష్," అంటూ ఎగ్జామినర్‌గారు తలెత్తకుండా ప్రతి పేపరు మీదా 'స్వయంగా చూశాను' అని రాసి సంతకం పెట్టుకుంటూ పోయారు. ఆ శ్రద్ధకు లెక్చరర్ కళ్ళు చెమర్చాయి. టీ కప్పు చేతికందించాడు.

ఒక గుక్క తాగి ఆయన ముఖం చిట్లించారు. "చక్కెర తక్కువైనట్టుందయ్యా."

"అయ్యో, ఎంత మాట సార్!" అని లెక్చరర్ ఇంకో రెండు చెంచాలు ధారాళంగా వేశాడు. రెండో గుక్క ఎగ్జామినర్‌గారు మింగలేక, కక్కలేక అలాగే ఉండిపోయారు.

సరిగ్గా అప్పుడే, ఇదే పరీక్ష రెండుసార్లు తప్పిన అమ్మాయి నల్లగా మాడిన పరీక్షనాళిక పట్టుకుని వచ్చింది. పాపం, ప్రయోగం నిజంగా చేసింది ఆమె ఒక్కతే.

"సార్, ఇది యూరియా కాదండీ. వేడిచేస్తే పాకం వాసనొచ్చి మాడిపోయింది. చక్కెర సార్."

"పరీక్షలో చక్కెర ఎవరైనా ఇస్తారామ్మా? వెళ్ళి సరిగ్గా చెయ్యి!" అని లెక్చరర్ కసిరాడు.

ఎగ్జామినర్‌గారు ఎలాగో గుక్క మింగి, కప్పు వంక చూశారు. "ఆ పిల్ల చేతిలోది చక్కెరైతే, నువ్వు నాతో తాగించిందేమిటయ్యా?"

టీలోకి వాడిన చక్కెర సీసా లాక్కుని తనే పరీక్ష చేశారు. ఊదారంగు నిగనిగలాడుతూ వచ్చింది. ఆ రోజు ఆ గదిలో నిజంగా వచ్చిన ఊదారంగు అదొక్కటే. లెక్చరర్‌కు ఉద్యోగం ఊడినట్టే అనిపించింది. బావగారి నవ్వు కూడా వినబడింది.

"ఉండు, నీ సంగతి రాస్తాను!" అని ఎగ్జామినర్‌గారు కలం తీశారు. ఎదురుగా పేపర్ల కట్ట, దాని మీద 'స్వయంగా చూశాను', కింద తన సంతకం. కలం ఆగింది. గొంతులోకి ఎక్కడలేని ప్రేమ వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు కూడా యూరియా అనే రాసెయ్యమ్మా. పాసైపోతావు."

"అలాగేనండీ. మరి మీరు తాగింది చక్కెరేనని రాయమంటారా?"

సాయంత్రానికి అమ్మాయికి నూటికి నూరు, మిగతా అందరికీ పాసు మార్కులు, ల్యాబ్‌కు 'ఆదర్శవంతం' అన్న రిపోర్టు, దాంతో లెక్చరర్‌కు పర్మనెంట్ ఉద్యోగం వచ్చాయి. ఎగ్జామినర్‌గారు కూజాడు నీళ్ళు తాగి వెళ్ళారు.

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో ప్రతి సీసాకూ పెద్ద లేబులుంది. టీ మాత్రం అందరూ బయటే తాగి వస్తున్నారు.