మట్టి ఇంకా కుదరలేదు

టమాటా మొక్కకు ఎండా నీళ్లూ ఉంటే చాలనుకునే అమాయకులు ఇంకా మిగిలి ఉన్నారని తెలిసి బాధపడుతున్నాను. టమాటాకు ముందుగా కావలసింది చర్చ! అందులోనూ కుండీలో పెంచే టమాటా అయితే, ఒక కాపు కాలమంతా సాగే చర్చ.

కుండీలో ఏ మట్టి వేయాలన్న విషయంలో ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. దీన్ని కొందరు తలనొప్పి అంటున్నారు. నేను వరం అంటున్నాను. ఎందుకో మనవి చేసుకుంటాను, కాస్త ఓపిక పట్టండి.

ఇదివరకు సెలవు రోజున నేనేం చేసేవాణ్ణి? భోంచేసి సోఫాలో పడి గురక పెట్టేవాణ్ణి. ఇప్పుడో? కోకోపీట్ ఇటుకను బకెట్లో నానబెట్టి, అది ఉబ్బుతుంటే పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఆ కొబ్బరిపీచు పొడిలో ఉప్పు ఉంటుందట, కడగాలట. కడిగాను. మళ్లీ కడిగాను. పెళ్లయిన నాటి నుంచి నేను ఒక్క గిన్నె కూడా కడగలేదని మా ఆవిడ గుర్తుచేసింది. ఆవిడకు సైన్సు మీద గౌరవం తక్కువ.

ఈ తతంగానికంతటికీ కారణం మా అత్తయ్యగారు. తన టమాటా పండ్లలోంచే గింజలు తీసి దాచుకుని, ఏటేటా అదే టమాటా పెంచుకునే మనిషి. ఈమధ్య మా మరదలి ఇంటికి మారారు. అక్కడ ఆవిడ గదికి కిటికీ ఉంది గానీ, కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ ఉంది. ఎండ పొడ సోకదు. అందుకని మిగిలిన ఆఖరి గింజలను కాగితపు కప్పుల్లో మొలకెత్తించి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీ బాల్కనీలో ఎండ బాగా పడుతుంది బాబూ. ఒక్క పండు నాకు పంపితే చాలు, మళ్లీ గింజలు తీసుకుంటాను."

చూశారా ఎంత బాధ్యతో! అంతటి వంశాన్ని ఏ మట్టిలో పడితే ఆ మట్టిలో పాతిపెడతామా?

వెంటనే ఫోన్లో ఒక తోటల గ్రూపులో చేరాను. మట్టి, ఎరువు, కోకోపీట్ సమపాళ్లలో కలపమన్నాడొక పెద్దమనిషి. మట్టి వేస్తే కుండీలో గడ్డకట్టి వేళ్లకు ఊపిరాడదు, అసలు మట్టే వద్దన్నాడు ఇంకొకాయన. మట్టి లేని మట్టి! వేదాంతం ఇంత తేలిగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది? ఇసుక కలపమన్నవాడు ఇసుక వద్దన్నవాడితో మాటలు మానేశాడు. పెర్లైట్ అనే తెల్లటి గుల్ల గుళికలు వేయనివాళ్లకు టమాటా తినే అర్హతే లేదని ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు తేల్చేశారు. నేను అందరికీ దండం పెట్టే ఎమోజీ పంపాను. అందరూ చెప్పినవన్నీ కొన్నాను.

ఎరువులో పురుగుంటుందన్నారు. ప్రెషర్ కుక్కర్లో పెట్టి విజిల్ వచ్చేదాకా ఉడికించాను. ఇంట్లో లేచిన వాసన గురించి నేను మాట్లాడను. మా ఆవిడ మాట్లాడింది, అది చాలు. గుడ్డు పెంకులు పొడి చేయడానికి మిక్సీ వాడిన సంగతి ఇంకా బయటపడలేదు. ఈ కాలమ్ ఆవిడ చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఇక పరీక్ష. తడిపిన మిశ్రమాన్ని గుప్పిట్లో పిండితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నాది ముద్దయితే విడిపోదు, విడిపోయేదైతే ముద్దే కాదు! ఆఫీసు మీటింగులో బల్ల కింద గుప్పిట బిగిస్తూ వదులుతూ సాధన చేశాను. మా బాసు అది చూసి బీపీ అనుకుని పెందలాడే ఇంటికి పంపేశారు. ఇది వరం కాదా?

అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవారు.

"నాటారా బాబూ?"

"మట్టి ఇంకా కుదరలేదు అత్తయ్యగారూ."

"సరే, నిదానంగానే కానివ్వండి."

కప్పుల్లో నారు మాత్రం నిదానించలేదు. కాడలు దారాల్లా సాగాయి, ఆకులు పసుపెక్కాయి. "ఏదో ఒకదాంట్లో పెట్టెయ్యండీ!" అంది మా ఆవిడ. ఏదో ఒకదాంట్లోనా? ఒక్కో మొక్కా తల వాల్చేస్తూ వచ్చింది. నేను మాత్రం చలించకుండా వేపపిండి పాళ్లు సవరిస్తూ కూర్చున్నాను.

పోయిన ఆదివారం అత్తయ్యగారే స్వయంగా వచ్చారు. బాల్కనీ నిండా ఎండ, ఆ ఎండలో నా బస్తాలు. మూలన మిగిలింది ఒకే ఒక్క మొక్క. ఆవిడ కింద చతికిలబడి, నేను కలిపి ఉంచిన కుండీని దగ్గరికి లాక్కుని, కప్పు చించబోయారు.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ! ఆ మట్టిలో పులుపు ఎంతుందో చూసే కాగితాలు ఆర్డర్ పెట్టాను. రేపొచ్చేస్తాయి."

ఈ మాటలన్నది నేనే. నా చెవులారా విన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు బాబూ అంత భయం? నా చేతిలో ఎన్ని చచ్చాయో! నన్ను నేను తిట్టుకుని ఇంకోటి వేసేదాన్ని."

భయమా? నాకా? ఇంత అధ్యయనం చేసినవాడికా?

అవును, భయమే. నాటితే చచ్చిపోవచ్చు. చస్తే నా వల్లే చచ్చిందంటారు. మట్టి కలుపుతున్నంత కాలం నా మీద మాట పడదు. చావకుండా పూచీ ఇచ్చే మట్టి కోసం తిరిగాను, అలాంటి బస్తా ఏ కొట్లోనూ అమ్మరు. ఈలోగా ఆవిడ గింజల్లో ఒక్కటి తప్ప అన్నీ నా బాల్కనీలోనే, అంత ఎండలోనే పోయాయి. సిగ్గేసింది.

"దీన్ని నేను తీసుకెళ్తాను లెండి. మా గదిలో ఎండ లేదు, అయినా పెట్టి చూస్తాను" అని ఆవిడ కప్పు పట్టుకుని లేచారు.

నేను మెట్ల మీదుగా వెనకాలే పరుగెత్తాను. గేటు దగ్గర అందుకున్నాను.

"ఇలా ఇచ్చేయండి అత్తయ్యగారూ! ఇప్పుడే నాటేస్తాను. పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు."

ఆవిడ కప్పును రెండో చేత్తో కూడా గట్టిగా పట్టుకున్నారు.

"వద్దులెండి బాబూ. ఇంత కష్టపడి కలుపుకున్న మట్టి, అందులో మొక్క పెట్టి పాడుచేసుకుంటారా?"