పెండ్లికి బయలుదేరిన గిర్ని

రామ్‌దాస్ కారు స్టార్టు చేయగానే, వంటింట్లో ఉన్న అతని తల్లి భూమవ్వ జొన్నల గంప నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసింది.

"గిర్ని కూత గింత దగ్గరికి వినవడుతున్నదేందిరా?"

"గిర్ని కాదే అవ్వా. బాపు కారు."

భూమవ్వ గంప దించి, చెవి మీది కొంగు తీసి మళ్లీ విన్నది. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. బోధన్ చుట్టుపక్కల పిండి గిర్ని నడిపేవాళ్లు ఇంజను పొగగొట్టం చివర ఒక రేకు డబ్బా బిగిస్తారు. పొగ తన్నినప్పుడల్లా అది కుక్కు కుక్కుమని కూస్తుంది. ఆ కూత రెండు మైళ్లు పోతుంది. కూత వినబడితే గిర్ని తెరిచారని అర్థం, గంపలు లేస్తాయి. ఒక్కో గిర్నిది ఒక్కో గొంతు. ఆడవాళ్లకు అది కన్నబిడ్డల గొంతంత గుర్తు. ఇప్పుడు అలాంటి గొంతు ఒకటి రామ్‌దాస్ కారులోంచి వస్తోంది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచిన కొత్తలో రామ్‌దాస్ తండ్రి చెరుకు డబ్బుతో కొన్న కారది. ఎందుకు కొన్నావు, కారణం ఏమిటని అడిగితే, కారే కారణం అనేవాడు. ఆయన పోయిన ఏడాదే దాని ఇంజనూ పోయింది. కోళ్లు దాని వెనక సీటులో కాపురం పెట్టాయి. దినాలనాడు భూమవ్వ చెల్లెలు సాయవ్వ నలుగురిలో ఒక మాట అనేసింది.

"బావ పాయె. ఇగ గీ కారు కోళ్లకే."

భూమవ్వ ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని ఒట్టు పెట్టుకుంది. "గీ కారు నడవాలె. నీ గడప ముంగట నేను గిందులకెళ్లి దిగాలె. అప్పటిదాంక నీ ఇల్లు తొక్క."

పదకొండేళ్లు తొక్కలేదు. ఇప్పుడు సాయవ్వ మనుమడి పెండ్లి. పత్రిక వచ్చింది. డెబ్బై దాటిన భూమవ్వ దాన్ని రెండు రోజులు దిండు కింద పెట్టుకుని, మూడో రోజు కొడుకుతో, "గీ పెండ్లికి పోకపోతె ఇగ ఒగలి సావుకు ఒగలం పోవుడేరా," అన్నది. ఆ మధ్యాహ్నమే రామ్‌దాస్ చెరుకు బండి వెనక కారును కట్టి, నిజామాబాద్‌లోని మెకానిక్ నర్సింలు షెడ్డుకు ఈడ్పించాడు.

నర్సింలు పాత ఇంజనును చూసి, చనిపోయినవారి ఇంటికి వచ్చినవాడిలా తలగుడ్డ విప్పి చేత పట్టుకున్నాడు.

"పటేలా, దీని సామాను ఇగ దొరకది. డీజిలింజను ఎక్కిద్దాం. రెండేండ్ల కిందటి మాల్. ముసలి పెయ్యిల పడుసు పానం."

"ఏడికెల్లి తెచ్చినవ్?"

"ఎవలో తుక్కుల అమ్మితె పట్టిన. ఏడిదైతేంది, నడిస్తె సాలు."

ఇంజను కారు ముక్కుకన్నా ఎత్తుగా ఉంది. నర్సింలు బానెట్టుకు బొక్క కోసి, పొగగొట్టాన్ని నిలువునా పైకి తీశాడు. దాని చివరి రేకు డబ్బాను తీసెయ్యమని రామ్‌దాస్ అంటే, "గది లేకుంటె వాన నీళ్లు లోపటికి పోతయి," అన్నాడు. చివరగా ఒక మాట చెప్పాడు. "తొవ్వల ఆపకు. ఆపితె మల్ల హ్యాండిలు తిప్పనీకి ఇద్దరు పైల్వాన్లు గావాలె."

అలా, ఇద్దరు జీతగాళ్లు హ్యాండిలు తిప్పి చెమట తుడుచుకుంటుండగా, బుధవారం పొద్దున పట్టుచీర కట్టిన భూమవ్వ వెనక సీటులో కూర్చుంది. కారు తీరిగ్గా తొక్కే సైకిలంత వేగంతో సాగింది. దారి పొడుగునా పొగ వచ్చినంతగా పొగడ్త రాలేదు. భూమవ్వ గాజులు, మెడలోని గుండ్లు, మిగిలిన నాలుగు పళ్లు ఒకే తాళంలో మోగుతున్నాయి. అయినా ఆమె ముఖంలో పదకొండేళ్ల బరువు దిగిపోతున్న కళ ఉంది.

ఎడపల్లి దాటి కాలువ వెంట మళ్లితే సాయవ్వ ఊరు. ఆ ఊళ్లో ఏం జరుగుతోందో వీళ్లకు తెలియదు.

ఆ ఊరి గిర్ని పున్నయ్యది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొని, పక్కనే గిర్ని పెట్టినవాడు. నిరుడు ఊరికి కరెంటు రాగానే మోటారు బిగించి, పాత ఇంజనును తుక్కుకు అమ్మేశాడు. మోటారు మర్యాదగా గొణిగేది. ఊరు మాత్రం ఆ పాత మరను మరవలేదు. ఇప్పుడు నాలుగు రోజులుగా కరెంటు లేదు. జనం గంపలతో వచ్చి, "మరి ఇంజనేది?" అని నిలదీస్తే, అమ్మానని చెప్పే ధైర్యం పున్నయ్యకు చాలలేదు. "రిపేరుకి పంపానండి. బుధవారానికి వచ్చేస్తుంది," అన్నాడు. ఆ రోజు సోమవారం. బుధవారం చాలా దూరంలో ఉన్నట్టు కనిపించింది.

కారు కాలువ మలుపు తిరిగి కుక్కుమన్నది.

నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తారు. ఇళ్లలోంచి గంపలు బయటికి వచ్చాయి. అందరికన్నా ముందు లింగవ్వ అనే ఆమె నెత్తిన మక్కల గంపతో కారు పక్కనే నడవసాగింది.

"అన్నా, జర ఆపు."

"ఆపితె లేవదక్కా," అన్నాడు రామ్‌దాస్ స్టీరింగు వదలకుండా.

"ఆపకుంటె పాయె, నేనే ఎక్కిస్త." గంప దించి భూమవ్వ ఒళ్లో పెట్టింది. "అవ్వా, లింగవ్వ గంప అని యాదుంచుకో. ముందుగాల వంతు నాదే."

"నేను పెండ్లికి పోతున్ననే."

"అందరం పెండ్లికే. పిండి లేని పెండ్లేంది?"

జవాబు చెప్పేలోగా ఇంకో గంప సీటులోకి వచ్చింది. తరువాత ఫుట్‌బోర్డు మీదికి, బానెట్టు మీదికి, కప్పు మీదికి. ఎవరి గంపకు వారు గుర్తుగా గుడ్డపేలిక కట్టారు. ఇరవై గంపలు దాటాక కారు సైకిలు వేగం నుంచి నడక వేగానికి దిగింది. ఎక్కించడం ఇంకా సులువైంది. రామ్‌దాస్ ఇది పెండ్లివారి ఎదుర్కోలు అనుకున్నాడు. బియ్యం, పప్పు కానుకగా తెచ్చే ఆచారం కాబోలని, మొహమాటంగా ప్రతి ఒక్కరికీ దండం పెట్టాడు.

నడి బజారులో పున్నయ్య నిలబడి ఉన్నాడు. తాను చెప్పిన అబద్ధం పొగ వదులుతూ ఎదురుగా వస్తుంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం. మరుక్షణం ఫుట్‌బోర్డు ఎక్కేశాడు.

"అటు కాదండీ, ఎడం పక్కకి తిప్పండి. అందరూ మీకోసమే చూస్తున్నారు."

"మా సాయవ్వ చిన్నవ్వ తోలిచ్చిందా?"

"ఊరంతా తోలినట్టేనండి."

ఎడమ పక్కన తాటాకు పందిరి కనిపించింది. గిర్ని ముంగిట, వంతు కోసం కూర్చునే పందిరి అది. రామ్‌దాస్ దాన్ని పెండ్లి పందిరి అనుకుని కారును దాని కిందికి తోలి, మీట లాగి ఇంజను ఆపేశాడు. పల్లెంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"దిగు అవ్వా. వచ్చినం."

"గడపేది?" అన్నది గంపల వెనకనుంచి భూమవ్వ.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒక ముసలామె వచ్చింది. ఆమె వెనక బండి మీద గోధుమ బస్తా, శెనగల బస్తా ఉన్నాయి.

"పెండ్లిల్లు. నాకే ముందుగాల. జరుగుండ్రి," అంటూ సీటులో ఉన్న పై గంపను లాగి పక్కన పెట్టింది. గంప తీసిన చోట అక్క ముఖం కనిపించింది.

పదకొండేళ్ల తరువాత అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"అక్కా."

"ఊ."

"గిర్నికాడ ఏం జేస్తున్నవే?"

"కారుల వచ్చిన."

"కారేది?"

భూమవ్వ చూపించబోయింది. చెయ్యి పెట్టిన చోటల్లా గంపే తగిలింది.

రామ్‌దాస్ సీటు మీద నిలబడి, ఇది తన తండ్రి కారని, నర్సింలు తుక్కులో కొన్న ఇంజను పెట్టాడని, తాము పెండ్లికి వచ్చామని అందరికీ వివరించాడు. పున్నయ్య తల వంచుకుని, రిపేరు మాట అబద్ధమని, ఆ ఇంజనును తుక్కువాడికి అమ్మింది తనేనని చెప్పాడు. లింగవ్వ తన గంప తీసుకోవడానికి చెయ్యి చాచింది.

సాయవ్వ బస్తా మీద కూలబడింది. "రెండు దినాలసంది ఆరుగురం ఇసుర్రాయి తిప్పుతున్నం. లడ్డూలకు సాలలే, పూరీలకు సాలలే. రేపు పొద్దుగాలకు అయిదొందల మంది." ఆమె అరచేతులు చాపింది. బొబ్బలెక్కి ఉన్నాయి. విసుర్లకు పేరుపడ్డ చెల్లెలు ఇప్పుడు విసురుడుతో అలిసిపోయిందని భూమవ్వకు అర్థమైంది.

"రాందాసూ, గీ ఇంజను పిండి పడతదా?"

జవాబు పున్నయ్య చెప్పాడు. "వెనక చక్రం లేపి, టైరు తీసేసి, నా పాత బెల్టు దానికేస్తే పడుతుందండి. అటకమీదే ఉంది బెల్టు."

"బాపు కారే అవ్వా," అన్నాడు రామ్‌దాస్ మెల్లగా.

"బాపు ఉంటె మొదలు ఆయనే టైరు ఊడదీస్తుండె," అన్నది భూమవ్వ. "గని నేను దిగ. నా ఒట్టు గడప ముంగటనే."

చక్రం కింద జాకీ పెట్టారు. ఇద్దరు బలమైనవాళ్లు హ్యాండిలు తిప్పారు. కారు కూసింది, చక్రం తిరిగింది, బెల్టు లాగింది, రాయి కదిలింది. సాయవ్వ శెనగలు ముందు పడ్డాయి, తరువాత లింగవ్వ మక్కలు. పట్టుచీరలో భూమవ్వ దడదడలాడుతూ సీటులోనే కూర్చుని వంతులు పిలిచింది. దొంగ వంతుకు వచ్చినవాళ్లను, "నీ గుడ్డ ఎర్రదే, గది నల్లది," అని వెనక్కి పంపింది. పొద్దు వాలేసరికి ఆమె జుట్టు, కారు, కొడుకు అంతా ఒకే తెలుపైంది.

టైరు మళ్లీ బిగించి, కారును పెండ్లి ఇంటి గడప ముందుకు తెచ్చారు. భూమవ్వ పిండి దులుపుకుని, ఒక కాలు కింద పెట్టింది. సరిగ్గా అప్పుడే, ఫుట్‌బోర్డు మీద రాలిన గింజలు చూసి పెండ్లివారి కోడిపెట్ట ఒకటి టక్కున కారెక్కింది.

అందరూ చూశారు. భూమవ్వ రెండో కాలు గాలిలోనే ఆగింది.

సాయవ్వ హారతి పళ్లెం పక్కవాళ్లకిచ్చి, ముందుకొచ్చి కోడిని రెక్క పట్టి దించింది.

"ఉష్. సిగ్గు లేదే? గది మా బావ కారు."

భూమవ్వ రెండో కాలు కింద పెట్టింది.

రామ్‌దాస్ ఆ ఇంజను పెట్టించింది పది మైళ్ల దారి కోసం. కారు చక్రం ఆ రోజు అంతకంటే ఎక్కువే తిరిగింది, నిలబడ్డ చోటనే.