ఎర్ర లైటు వెలగని ఉదయం

కూతురు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లెక్చరరుగా చేరాల్సిన రోజది. పదింటిలోగా సంతకం పెట్టకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్లకు వెళ్తుంది. డ్రైవరుగారి పథకం మాత్రం చాలా సులువైనది: ఇంతకాలం ఊరంతటినీ తిప్పిన పాత టాక్సీలో, ఇస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని, కూతుర్ని వెనకసీట్లో కూర్చోబెట్టి దించిరావడం. ఆ వెనకసీట్లోనే ఆమె ఎక్కాలు వల్లించింది, పరీక్షలకు చదివింది, బేరాలు లేని మధ్యాహ్నాల్లో నిద్రపోయింది.

తాళం తిప్పాడు. బండి టక్కుమని ఊరుకుంది.

"నాన్నా, డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగు ఎర్ర లైటు వెలిగిందా?"

"అస్సలు వెలగలేదమ్మా! బండికి ఏ జబ్బూ లేదు" అన్నాడాయన గర్వంగా.

"లైటు కూడా వెలగనంతగా బ్యాటరీ చచ్చిందన్నమాట" అంది కూతురు. బ్యాటరీ అనే మాట చెవిన పడగానే, సాగనంపడానికి వచ్చిన బాబాయి చొక్కా చేతులు మడిచాడు. తన సామాను వ్యాను బ్యాటరీ విప్పుకొచ్చి టాక్సీలో పెట్టాడు. టాక్సీ లేచింది. వ్యాను మాత్రం పాలకొట్టు షట్టరుకు అడ్డంగా ఉండిపోయింది.

"నా కొట్టు తెరిచేదెలాగయ్యా?" అన్నాడు పాలకొట్టాయన.

"అరగంటలో బ్యాటరీ తెచ్చేస్తాంగా!" అన్నాడు బాబాయి.

"అయితే దాంతోనే నేనూ వస్తా" అని ఆయన ముందు తలుపు తీసుకుని కూర్చున్నాడు.

బాబాయి వ్యాను ఎప్పుడూ తోస్తేనే కదిలేది, దాని బ్యాటరీ అంత నీరసం. ఆ సంగతి ఆ హడావిడిలో ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో టాక్సీ ఆగిపోయింది. వెనక బస్సు, దాని వెనక ఊరు.

"ఫ్యాన్ బెల్టు వదులైంది అన్నయ్యా" అని బాబాయి బానెట్ ఎత్తి, బెల్టును వీణ తీగలా బిగించాడు. పాలకొట్టాయన తోశాడు. బండి నాలుగడుగులు వేసి, బెల్టు కీచుమని అరుస్తుండగా మళ్లీ ఆగింది.

"నాన్నా, నన్ను చూడనీ."

"నువ్వా? ఆ చేతులు మసి కాకూడదనే గదమ్మా నేనింత కాలం స్టీరింగు పట్టుకుంది! కదలకు."

ఆమె కదల్లేదు. కాని బస్సువాడికి జవాబుగా బాబాయి హారన్ కొట్టగానే ముందుకు వంగింది.

"హారన్ మోగడానికి కరెంటు ఉంది. మరి తాళం తిప్పి ఉండగా లైటెందుకు వెలగలేదు?"

డ్రైవరుగారు అద్దం వైపు చూశాడు, తర్వాత బస్సు వైపు చూశాడు.

"నేనే తీసేశానమ్మా. నువ్వు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఎదురుగా ఎర్రగా ఏమిటని... డైనమో ఉన్నప్పుడు ఆ బల్బు మాడిపోయి ఏళ్లు గడిచినా బండి చక్కగా నడిచింది."

"అది డైనమో నాన్నా. పోయిన నెల బ్యాటరీని ఛార్జ్ చేయడానికి వేయించింది ఆల్టర్నేటర్. ఈ బల్బులోంచి కాస్త కరెంటు అందితేనే అది మేలుకుంటుంది. నువ్వు తీసింది లైటు కాదు, అలారం గడియారం!"

ఆమెకు ఇంకో సంగతి తట్టింది. "ఆ బల్బు పీకి, నా ఉద్యోగం వార్త చెప్పడానికి వారమంతా చుట్టాల ఇళ్లన్నీ తిరిగావా? అందుకే బ్యాటరీ ఖాళీ!"

"చెప్పాలి కదమ్మా" అంటూ ఆయన జేబులోంచి బల్బు తీశాడు.

ఈసారి ఆమె అనుమతి అడగలేదు. కొత్త చీర కొంగు బిగించి, డ్యాష్‌బోర్డు కింద దూరి బల్బు పెట్టింది. బానెట్ ఎత్తి బాబాయి అతిగా బిగించిన బెల్టును కాస్త వదులు చేసింది. తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగింది. బస్సులోని వాళ్లంతా దిగి తోశారు. ఇంజన్ అందుకుంది, లైటు ఆరింది. చిన్నప్పుడు ఆమెను నిద్రపుచ్చిన చప్పుడే అది. తండ్రీకూతుళ్లు దాన్నే వింటూ వెళ్లారు. పాలకొట్టాయన మాత్రం షట్టరు గురించే మాట్లాడాడు.

పదికి ఇంకా కాస్త ఉందనగా చేరారు. ఆలస్యమైతే తప్పు తనదని చెప్పుకోవడానికి డ్రైవరుగారూ లోపలికి నడిచాడు. ప్రిన్సిపాల్ తలెత్తి చూశాడు. ఎదురుగా మడత నలగని తెల్ల చొక్కా, దాని వెనక మోచేతుల దాకా మసితో ఒక అమ్మాయి.

"రండి మాస్టారూ, మీకోసమే చూస్తున్నాం" అని లేచి డ్రైవరుగారికి కుర్చీ చూపించాడు. ఆమె వైపు తిరిగి, "వర్క్‌షాపు వెనక వైపమ్మా" అన్నాడు.

కూతురు నోరు తెరవబోయి, తండ్రి ముఖం చూసి ఆగింది.

డ్రైవరుగారు నిజం చెప్పాడు గాని, అంతకుముందు ఆ కుర్చీలో కూర్చుని కాఫీ తాగాడు.